తెలివితక్కువ కుక్కల్ని చూసి పిల్లవాడు నవ్వుతుంటే భయపడాలా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు నాలుగేళ్లు. మా వారు చిన్నప్పుడు ఇష్టంగా చూసిన ‘టూ స్టుపిడ్ డాగ్స్’ అనే పాత కార్టూన్‌ను ఈ మధ్య బాబుకు చూపించారు. అప్పటి నుంచి వాడికి అదే లోకమైపోయింది. మొన్న బందరు రోడ్డులో ఒక షాపింగ్ మాల్‌కు వెళ్తే, మనిషి దగ్గరికి రాగానే తెరుచుకునే అద్దాల తలుపు ముందు నిలబడి, ఆ కుక్కల్లాగే అదెలా తెరుచుకుంటుందో తెలియనట్టు నటిస్తూ ఎంతసేపటికీ లోపలికి రాలేదు. వెనకవాళ్లు విసుక్కున్నారు. మా మామగారు రిటైరైన తెలుగు పండితులు. ‘బుద్ధిలేని జంతువుల్ని చూస్తే బుద్ధి ఎలా వస్తుంది? నీతి లేని కథ పిల్లలకు దేనికి?’ అంటున్నారు. నాకు అంతకన్నా బాధ కలిగించిన విషయం ఇంకొకటి ఉంది. తరగతిలో నెమ్మదిగా మాట్లాడే, పాఠం కాస్త ఆలస్యంగా అర్థమయ్యే ఒక పిల్లవాడిని మా వాడు ‘పెద్ద కుక్క’ అని పిలవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు తరగతి అంతా అలాగే పిలుస్తోందని టీచరు నన్ను పిలిపించి చెప్పారు. పాప కూడా అన్నయ్య పక్కన కూర్చుని అదే చూస్తోంది. ఆ కార్టూన్‌ను పూర్తిగా మాన్పించమంటారా?
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీ బాబు చేత ఆ కార్టూన్‌ను పూర్తిగా మాన్పించవలసిన అవసరం లేదు. మీ పాపను మాత్రం కొంతకాలం దానికి దూరంగా ఉంచండి. తరగతిలోని ఆ పిల్లవాడి విషయాన్ని మాత్రం ఈ వారం దాటనివ్వకండి, ఎందుకంటే మీ ఉత్తరంలో నిజంగా గాయపడిన వ్యక్తి అతనొక్కడే. మాన్పించినంత మాత్రాన ఆ పేరు తరగతిలోంచి పోదు కాబట్టి దాని గురించి కింద వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ మొదటి భయం సంగతి చూద్దాం. తెలివితక్కువ పాత్రల్ని చూస్తే పిల్లల తెలివి తగ్గిపోతుందని మీరు ఆందోళన పడుతున్నారు. ఆ కార్టూన్‌ను 1993లో హానా-బార్బెరా స్టూడియో కోసం డోనోవన్ కుక్ రూపొందించారు. ‘టామ్ అండ్ జెర్రీ’ని 1940లో మొదలుపెట్టిన విలియం హానా, జోసెఫ్ బార్బెరాలు 1957లో పెట్టుకున్న స్టూడియో అది. ఇందులోని రెండు కుక్కలకు పేర్లు కూడా లేవు. ఒకటి పెద్ద కుక్క, ఇంకొకటి చిన్న కుక్క. చిన్నది గలగలా మాట్లాడుతూ, ఎగిరెగిరి పడుతూ, పిల్లి కనబడితే హడలిపోతూ ఉంటుంది. పెద్దది ఎప్పుడో ఒక మాట అంటుంది, అన్నా అది చాలావరకు తిండి గురించే ఉంటుంది. మీ బాబు అనుకరించిన తలుపు సన్నివేశం ఈ కార్టూన్‌లో పేరుపడ్డదే. దుకాణం తలుపు ఎవరు వచ్చినా దానంతట అదే తెరుచుకుంటుంది, కానీ ఈ కుక్కలకు మాత్రం ఆ కిటుకు అంతుబట్టదు.

ఈ సన్నివేశం చూసి పిల్లవాడు నవ్వాలంటే ఎన్ని విషయాలు తెలిసి ఉండాలో ఒక్కసారి ఆలోచించండి. తలుపు ఎందుకు తెరుచుకుంటుందో వాడికి తెలియాలి. కుక్కలకు అది తెలియదని కూడా తెలియాలి. తెలియకపోవడం వల్ల అవి ఏమనుకుంటున్నాయో, ఆ పొరపాటు ఊహతో తరువాత ఏం చేయబోతున్నాయో వాడు ముందే పసిగట్టాలి. తనకు తెలిసినది ఎదుటివాడికి తెలియకపోవచ్చునన్న గ్రహింపు పిల్లలకు పుట్టుకతో రాదు. 1983లో విమర్, పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ఒక చిన్న కథతో పరీక్షించారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను ఒక అల్మరాలో దాచి ఆటకు వెళ్తాడు, అతను లేని సమయంలో తల్లి దాన్ని ఇంకొక అల్మరాలోకి మారుస్తుంది, తిరిగొచ్చాక అతను చాక్లెట్ కోసం ఎక్కడ వెతుకుతాడు అన్నదే ప్రశ్న. నాలుగేళ్లలోపు పిల్లలు ఎక్కువగా తల్లి మార్చిన చోటే చూపిస్తారు. తమకు తెలిసింది ఆ అబ్బాయికీ తెలిసినట్టే అనుకుంటారు. నాలుగైదేళ్లు వచ్చాక గాని ‘పాపం, వాడు మొదటిచోటే వెతుకుతాడు’ అని చెప్పలేరు. తెలివితక్కువ పాత్రల హాస్యమంతా నిలబడేది ఈ గ్రహింపు మీదే. కనుక మీ బాబు ఆ కుక్కల్ని చూసి నవ్వుతున్నాడంటే, వాటికన్నా ముందున్నాడు గనుకనే నవ్వగలుగుతున్నాడు. మాల్ దగ్గర తెలియనట్టు నటించాడంటే తెలిసే నటించాడు. నలుగురు నడిచే దారికి అడ్డం నిలబడకూడదని చెప్పవలసిన మాట వేరే ఉంది. అది మర్యాదకు సంబంధించినది, రెండు నిమిషాల్లో చెప్పి వదిలేయవచ్చు.

ఇక మీ మామగారి మాట. దాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. ఆయన ఏళ్ల తరబడి పిల్లలకు నీతిచంద్రిక చెప్పి ఉంటారు. మిత్రలాభం, మిత్రభేదం చదివించిన మనిషికి నీతి లేని కథ వెలితిగా తోచడం సహజం. అయితే ఆయనకు మీ ద్వారా ఒక సంగతి గుర్తు చేయాలనుకుంటున్నాను. పంచతంత్రం పుట్టిందే చదువు అబ్బని పిల్లల కోసం. అమరశక్తి అనే రాజు తన ముగ్గురు కొడుకులూ మూఢులని దిగులుపడితే, విష్ణుశర్మ ఆరు నెలల్లో వారిని ప్రయోజకుల్ని చేస్తానని మాట ఇచ్చి జంతువుల కథలు ఎత్తుకున్నాడు. ఆ కథల్లోని జంతువులన్నీ తెలివైనవి కావు. సగం చీల్చిన దూలం మధ్య దిగగొట్టిన మేకును ఊరికే ఊడబీకి ప్రాణం పోగొట్టుకున్న కోతి ఉంది. హంసలు కర్రతో ఆకాశాన మోసుకుపోతుంటే నోరు తెరిచి కిందపడిన కంబుగ్రీవమనే తాబేలు ఉంది. నూతిలో తన నీడనే చూసి గర్జించి దూకిన సింహం ఉంది. పిల్లలకు బుద్ధి చెప్పడానికి బుద్ధిలేని జంతువుల్ని ఎంచుకోవడం మనకు కొత్త కాదు.

పోనీ, నీతి అంటూ ప్రత్యేకంగా చెప్పని హాస్యం మనకు లేదా అంటే, పరమానందయ్యగారి శిష్యులున్నారు. గురువుగారు సూది తెమ్మంటే, తెచ్చే భాగ్యం అందరికీ దక్కాలని దాన్ని తాటి దుంగకు గుచ్చి, ఆ దుంగను పన్నెండు మందీ మోసుకొచ్చారు. ఏరు దాటాక ప్రతివాడూ తనను వదిలేసి మిగతావాళ్లను లెక్కపెట్టి, పదకొండుగురే ఉన్నారని, ఒకడు మునిగిపోయాడని గొల్లుమన్నారు. ఈ కథ విన్న పిల్లవాడు, ‘నిన్ను నువ్వు లెక్కపెట్టుకోలేదురా!’ అని శిష్యుల మీద కేకలు వేయకుండా ఉండలేడు. మీ బాబు ఆ తలుపు ముందున్న కుక్కల మీద వేసే కేక కూడా అలాంటిదే. మీ మామగారిని ఈ రెండు కథలూ వాడికి చెప్పమని అడగండి. చెప్పేటప్పుడు మధ్యలో ఆపి, ‘ఇప్పుడు లెక్క ఎక్కడ తప్పిందిరా?’ అని అడగమనండి. వీలైతే ఒకరోజు ఆయన్ను కూడా మనవడి పక్కన కూర్చుని ఒక్క భాగం చూడమనండి. పిల్లవాడు కథ ఏ మేరకు అర్థం చేసుకుంటున్నాడో, ఎక్కడ ఊరికే బొమ్మలు కదులుతున్నాయని చూస్తున్నాడో, ఏళ్లపాటు తరగతి నడిపిన మనిషికి ఇట్టే తెలిసిపోతుంది.

అయితే ఆయన అన్నదాంట్లో నేను పూర్తిగా ఒప్పుకునే భాగం ఒకటుంది. పంచతంత్రంలో తాబేలు నోరు తెరిస్తే చచ్చిపోతుంది. మేకు ఊడబీకిన కోతి మళ్లీ లేవదు. ఈ రకం కార్టూన్లలో మాత్రం ఎంత ఎత్తు నుంచి పడినా, నెత్తి మీద ఎంత బరువు పడినా, జంతువు దులుపుకుని లేచి తరువాతి సన్నివేశంలో మామూలుగా ఉంటుంది. దెబ్బకు నొప్పి ఉండదు, తప్పుకు ఫలితం ఉండదు. ఎనిమిదేళ్ల వయసుకు ఇది బొమ్మల లోకపు కట్టుబాటని చాలామంది పిల్లలకు తెలుస్తుంది. కానీ దెబ్బ తగిలినవాడికి ఏమీ కాదన్న ఆ అలవాటు మాటల విషయంలో మెల్లగా బయటి లోకంలోకి వస్తుంది. రాయి విసిరితే రక్తం వస్తుందని వాడికి తెలుసు. పేరు పెట్టి పిలిస్తే ఏం వస్తుందో కంటికి కనబడదు కదా. మీ బాబు చేసిన తప్పు ఇక్కడే పుట్టిందని నా అభిప్రాయం.

అందుకే ఆ తోటి పిల్లవాడి విషయానికి వస్తున్నాను. మీ బాబును కూర్చోబెట్టి, కార్టూన్ ఆపి ఉన్నప్పుడు, కోపం లేని గొంతుతో మాట్లాడండి. ‘నువ్వు చెడ్డవాడివి’ అని మొదలుపెడితే వాడు తనను కాపాడుకోవడంలో పడిపోతాడు, ఆ పిల్లవాడు వెనక్కి వెళ్లిపోతాడు. ‘ఆ పేరు మొదట ఎప్పుడు అన్నావు? అప్పుడు వాడి మొహం ఎలా ఉంది?’ అని అడగండి. ‘వాడూ నవ్వాడమ్మా’ అని మీ వాడు అనవచ్చు. తరగతి అంతా నవ్వుతుంటే తానూ నవ్వకపోతే ఇంకా నవ్వుతారని భయపడి నవ్వే పిల్లలుంటారని అప్పుడు చెప్పండి. నెమ్మదిగా మాట్లాడటానికి నత్తి కారణం కావచ్చు, చెవి సరిగ్గా వినబడకపోవడం కావచ్చు, అక్షరాలు పోల్చుకోవడంలో ఇబ్బంది కావచ్చు, ఇంట్లో మాట్లాడే భాష వేరు కావడం కావచ్చు, ఏ కారణమూ లేకుండా వాడి తీరే అంత కావచ్చు. వీటిలో ఏదీ ఆ పిల్లవాడు చేసిన తప్పు కాదు. మీ బాబుకు ఈత గాని సైకిల్ గాని ఆలస్యంగా వచ్చి ఉంటే, ఆ రోజుల్ని గుర్తు చేసి, అప్పుడు వీధి పిల్లలంతా ఒక పేరు పెట్టి ఉంటే ఎలా ఉండేదో వాడినే చెప్పమనండి.

వాడు అంతగా ఇష్టపడే ఆ కార్టూన్‌లోంచే ఒక ప్రశ్న అడగవచ్చు. ‘పెద్ద కుక్క సరిగా మాట్లాడదు కదా, మరి చిన్న కుక్క దాన్ని వదిలేసి వెళ్లిపోతుందా?’ వెళ్లదు. కథ ఏదైనా రెండూ కలిసే తిరుగుతాయి, కలిసే పొరబడతాయి, కలిసే ఆకలితో ఉంటాయి. ఆ కార్టూన్‌ను నేను ఇష్టపడటానికి కూడా కారణం అదే. మీ బాబు చూసినదాంట్లోంచి పేరును తెచ్చుకున్నాడు గాని స్నేహాన్ని తెచ్చుకోలేదు. దాన్ని వాడికి చూపించడం కష్టమైన పనేమీ కాదు.

క్షమాపణ విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. తరగతి ముందు నిలబెట్టి ‘సారీ’ చెప్పించాలని టీచరు అనుకోవచ్చు. దయచేసి అలా చేయించవద్దని కోరండి. అందరి ముందూ ఆ పేరును ఇంకొకసారి పలికినట్టవుతుంది, ఆ పిల్లవాడు ఇంకొకసారి అందరి చూపులకూ గురవుతాడు. మీ బాబు ఒక్కడే వెళ్లి, ఆటల పీరియడ్‌లోనో, భోజనాల దగ్గరో, వాడి అసలు పేరుతో పిలిచి, ‘అలా అన్నాను, ఇంక అనను’ అని చెబితే చాలు. దానితో పని సగమే అవుతుంది. మొదలుపెట్టింది మీ వాడే కనుక, ఇంకొకరు ఆ పేరుతో పిలిచినప్పుడు ‘అలా పిలవొద్దురా’ అనవలసిన బాధ్యత కూడా వాడిదే. ఈ మాట చెప్పడానికి ఎనిమిదేళ్ల పిల్లవాడికి చాలా ధైర్యం కావాలి. ఇంట్లో రెండుమూడుసార్లు చెప్పించి చూడండి, మీరే తోటి పిల్లల్లాగా నటించండి. టీచరుకు ముందే చెప్పి ఉంచితే, వాడు ఆ మాట అన్న రోజున ఆమె పక్కన నిలబడగలుగుతారు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. జంతువు పేరు పెట్టి మనిషిని తక్కువ చేయవచ్చునని పిల్లలు టీవీలోనే నేర్చుకోరు. ‘గాడిదా’, ‘దున్నపోతులా పడుకున్నావు’, ‘కోతి వేషాలు వెయ్యకు’ అనే మాటలు మన ఇళ్లలో రోజూ వినబడేవే. ప్రేమగా అన్నామని పెద్దలం అనుకుంటాం, పిల్లలు కూడా చాలాసార్లు అలాగే తీసుకుంటారు. కానీ అదే మాటను బడికి తీసుకెళ్లి తనకన్నా మెతకగా ఉన్నవాడి మీద వాడినప్పుడు అందులో ప్రేమ మిగలదు. మీ ఇంట్లో ఈ మాటలు ఎవరెవరి నోట వస్తున్నాయో ఒక వారం గమనించండి. మీ మామగారితో కూడా గౌరవంగానే ఈ ప్రస్తావన తీసుకురండి. నీతి గురించి అంత పట్టింపు ఉన్న మనిషి మీతో ఏకీభవిస్తారనే నా నమ్మకం.

ఆ పిల్లవాడి తల్లిని మీరు స్వయంగా కలవండి. వాట్సాప్ గ్రూపులో రాయకండి. ఆమెకు మీ మీద కోపం ఉంటే ఆ కోపాన్ని వినండి. ఆమె ఒప్పుకుంటే ఒక ఆదివారం సాయంత్రం పిల్లవాడిని మీ ఇంటికి పంపమనండి, ఇద్దరినీ బొమ్మలు గీయనివ్వండి. ఒక పాత నోటు పుస్తకం మూలలో కుక్క బొమ్మను పేజీకి కొద్దిగా మార్చుకుంటూ గీసుకుపోయి, ఆ పేజీల్ని వేలితో చకచకా వదిలితే బొమ్మ నడుస్తుంది. సినిమా తెర మీద సెకనుకు 24 బొమ్మలు పోతాయి, కార్టూన్లలో చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండేసి సార్లు వాడుకుని 12తో సరిపెడతారు. ఆ లెక్క చెబితే వాళ్లే పేజీలు లెక్కపెట్టుకుంటారు. మాటలు తక్కువగా ఉన్న పిల్లవాడికి, మాటలు అక్కర్లేని ఇలాంటి పని దగ్గర మీ బాబుతో సమానంగా కూర్చునే వీలుంటుంది.

పాప సంగతి వేరు. నాలుగేళ్ల వయసు పిల్లలకు ఇలాంటి వేగమైన కార్టూన్ ఎందుకు పనికిరాదో చెప్పే ఒక ప్రసిద్ధ పరిశోధన ఉంది. 2011లో అమెరికాలో ఏంజెలిన్ లిలార్డ్, జెనిఫర్ పీటర్సన్ 60 మంది నాలుగేళ్ల పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు సగటున 11 సెకన్లకొకసారి దృశ్యం మారిపోయే వేగమైన కార్టూన్‌ను 9 నిమిషాలు చూపించారు. ఇంకొక గుంపుకు సుమారు 34 సెకన్లకొకసారి మారే నిదానమైన కార్యక్రమం చూపించారు. మూడో గుంపును బొమ్మలు గీసుకోనిచ్చారు. వెంటనే పెట్టిన పరీక్షల్లో మొదటి గుంపు పిల్లలు నిలకడగా ఆలోచించడంలో, కోరికను కాసేపు ఆపుకోవడంలో మిగతావారికన్నా వెనకబడ్డారు. ఇది అప్పటికప్పుడు కనబడిన ప్రభావం మాత్రమే, ఏళ్ల తరబడి ఉంటుందని ఆ పరిశోధన చెప్పలేదు. చూపించినది ఆరేళ్లు దాటినవారి కోసం తీసిన కార్యక్రమమని దాన్ని ప్రసారం చేసిన ఛానల్ అప్పట్లో బదులిచ్చింది. నాకు ఆ బదులే మీ ప్రశ్నకు సగం సమాధానంగా కనిపిస్తుంది: అన్నయ్యకు సరిపడేది చెల్లికి సరిపడదు. పైగా పడిన కుక్క మళ్లీ లేచిందంటే అది బొమ్మ గనుకనని పాపకు ఇంకా పూర్తిగా తెలియదు. మీ వీధిలో ఉండే నిజమైన కుక్క తోక లాగినా ఏమీ కాదనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, తెలియని కుక్కను ముట్టుకోకూడదని ఆమెకు విడిగా నేర్పండి. పొరపాటున కరిచినా, గోరు గీరుకున్నా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించాలి.

సమయం విషయంలో భారతీయ శిశువైద్యుల సంఘం చెప్పిన కొలత సులభంగానే ఉంది. రెండు నుంచి ఐదేళ్ల వారికి టీవీ, ఫోను అన్నీ కలిపి రోజుకు గంట దాటకూడదు, ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలి. పాప నిద్రపోయాకనో, తాతయ్యతో గుడికి వెళ్లినప్పుడో బాబుకు ఆ కార్టూన్ చూసే వేళ పెట్టండి. ఆ కాసేపూ మీ వారు పక్కన కూర్చోవాలి. తాను చిన్నప్పుడు ఎందుకు నవ్వారో చెబుతూ, పెద్ద కుక్క మీద ఎవరైనా చేయి చేసుకున్నప్పుడు ‘ఇది నిజమైతే ఏమయ్యేదిరా?’ అని అడుగుతూ చూడటం ఆయన చేయవలసిన పని. పరిచయం చేసింది ఆయనే కాబట్టి ఈ బరువంతా మీ ఒక్కరి మీద పడటం న్యాయం కాదు. ఫోన్‌లో ఒక భాగం అయిపోగానే తరువాతిది దానంతట అదే మొదలయ్యే ఆటోప్లేను ఈ రోజే ఆయన చేత ఆపించండి, రెండు భాగాలు అయ్యాక ఫోన్‌ను ఆయనే తీసి పక్కన పెట్టాలి.